ఒక పక్కటెముక ఎక్కువ

లా పాస్, అక్టోబరు

ప్రియమైన నాన్నకు,

నీ అల్లుడు రొహేలియో నిన్న మాంసం విమానాన్ని క్షేమంగా దించాడు. నువ్వు కోసి పంపిన మాంసం మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోయింది. నువ్వు పశువు జబ్బతో పాటు ఒక పక్కటెముక ఎక్కువ వదులుతావు కదా, అది చూసి పక్క కొట్టు బసీలియా నన్ను ఒకటే ఏడిపిస్తోంది. "మీ నాన్నకు లెక్క రాదటే?" అంటుంది. ఈ బజారు మొత్తంలో అలా కోసేది నువ్వొక్కడివే. దాని నోటికి జడిసి మార్చుకోకు. ఆ ఎముక చూస్తే నువ్వు పక్కన నిలబడ్డట్టే ఉంటుంది.

బిడ్డ తెగ తన్నుతోంది. "యుద్ధంలో సిపాయిల్ని మోసిన డొక్కు విమానం అది, ఇకనైనా నడపడం మానెయ్" అని రొహేలియోతో అంటే, "డొక్కుదైనా కూడు పెడుతోంది కదే" అంటాడు. నువ్వు చెబితే వింటాడేమో. పురుటికి నువ్వు రావాలి నాన్నా. అమ్మే ఉంటే నిన్ను అడిగేదాన్నా?

నీ కూతురు
పెత్రోనా


సాంతా ఆనా, నవంబరు

నా చిట్టితల్లి పెత్రోనాకు,

ఆ ఎముకతో చారు కాస్తే చచ్చిన మొగుడు కూడా లేచి కూర్చుంటాడని బసీలియాకు చెప్పు.

అల్లుడితో మాట్లాడాను. "మామా, మీరు కోయడం మానండి, నేను ఎగరడం మానతాను" అని నవ్వాడు. ఇక నేనేం అనను? రెండు పళ్ళేలు తిని, నీకని కాలేయం ముక్క విడిగా కట్టించుకుని వెళ్ళాడు.

నన్ను మాత్రం రమ్మనకు. వానలకు దారులన్నీ మునిగాయి. మిగిలింది ఆ విమానమే. మదమెక్కిన ఎద్దుకు ఎదురు నిలిచే నాకు దాన్ని ఎక్కాలంటే భయం. నవ్వుకుంటే నవ్వుకో. బసీలియాకు నోరు పెద్దదైనా మనసు మంచిది, దగ్గరుండి చూసుకుంటుంది.

మీ నాన్న
అనాక్లేతో


లా పాస్, డిసెంబరు

నాన్నా,

నీకు కబురు అంది ఉంటుంది. నాకు ఎలా తెలిసిందో నీకొక్కడికే చెబుతున్నాను.

ఆ రోజు విమానం రాలేదు. మబ్బు పట్టింది కదా, రేపు వస్తాడులే అనుకున్నాను. ఇంతలో ఊరికి పైనున్న మైదానం నుంచి నలుగురు ఆడవాళ్ళు శాలువాల్లో మాంసం మూటగట్టుకుని వచ్చారు. దానికి గడ్డి, మట్టి అంటుకుని ఉన్నాయి. దొంగసొమ్మేమో, చవగ్గా వస్తుందని నేనూ బసీలియా గీచి గీచి బేరమాడాం. సగానికి దించాక జబ్బ తిరగేశాను. ఒక పక్కటెముక ఎక్కువ ఉంది.

"ఇది ఎక్కడిదమ్మా?" అన్నాను.

"పైనుంచి పడిందమ్మా" అంది పెద్దావిడ, తల వంచుకుని.

నీ అల్లుడు దిగడానికి చక్రాలు దించాడట. మబ్బులో నేల కనబడక, విమానాశ్రయానికి ఇవతలే గుట్టకు తగిలాడట. ఆయనా, పక్కన కూర్చునే మెకానిక్కూ ఇద్దరూ పోయారు. ఆ ఆడవాళ్ళ మీద నాకు కోపం లేదు. ఆయన ఒంటి మీద దుప్పటి కప్పింది వాళ్ళే. బసీలియా కొట్టు మూసేసి అప్పటినుంచి నా దగ్గరే పడుకుంటోంది.

నీకు దండం పెడతాను, కత్తి కింద పెట్టు. ఆ విమానాలకు ఇక కోయకు. రమ్మన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నాను. బిడ్డను నేనే కంటాను. నా వాళ్ళు ఇంకొకరు పైనుంచి పడితే తట్టుకోలేను.

పెత్రోనా


సాంతా ఆనా, డిసెంబరు

తల్లీ,

నువ్వు చెప్పకముందే కత్తి కింద పెట్టాను. నేను మానితే తానూ మానతానన్నాడు కదా, అప్పుడే ఎందుకు మానలేదా అని కుమిలిపోయాను. అయితే ఏమైంది? నా బదులు ఇంకొకడు కోశాడు. ఇంకో విమానం ఎప్పటిలాగే లేచింది. నేను మానినంత మాత్రాన ఇక్కడ ఏదీ ఆగలేదమ్మా. అక్కడ నీకు నెలలు మాత్రం నిండుతున్నాయి.

అందుకే కొత్త పైలట్‌ను అడిగాను. "మాంసం మీద ఒక మనిషి కూర్చోవాలంటే ఎంత బరువు దించాలి?" అని.

"ఎవరు పెద్దాయనా?"

"నేనే."

నన్ను ఎగాదిగా చూశాడు. "రెండు జబ్బలు దించితే చాలు. ఉన్ని దుప్పట్లు తెచ్చుకోండి, పైన చలి కొరికేస్తుంది" అన్నాడు.

ఈ ఉత్తరం ముందు విమానంలో వస్తుంది, నేను గురువారం దాంట్లో వస్తాను. భయం పోయిందని అబద్ధమాడను. నువ్వు విమానాశ్రయానికి రాకు. గురువారం ఆకాశం వంక చూడకు. బసీలియాను పక్కన పెట్టుకుని నీ కొట్లో కూర్చో, నేనే నడుచుకుంటూ వస్తాను. ఒకవేళ రాకపోతే, నాన్న భయపడి ఆగిపోయాడని మాత్రం అనుకోకు.

బయల్దేరుతున్న
మీ నాన్న