చిన్నదాని కాళ్ళు

జూన్ 3

మా చెల్లెలు ఈ పుస్తకం కొనిచ్చింది. నీ భయాలన్నీ నా చెవిలో పొయ్యకే అక్కా, ఇందులో రాసుకో, నేను చదవనులే అంది. నాది మూడో తరగతి చదువు. తప్పులుంటే ఉంటాయి.

ఈవేళ్టి భయాలు. గ్యాస్ కట్టేశానో లేదో. మెట్ల మీద బల్బు పోయింది. చిన్నది గొడుగు మర్చిపోయింది.

చిన్నది అంటే చెల్లెలే. వీధిలో అందరికీ డాక్టరమ్మ. జ్వరాలకి మందిచ్చే డాక్టరు కాదు, బయోకెమిస్ట్రీ డాక్టరు. అది పనిచేసే ఇన్‌స్టిట్యూట్‌లో మొదటి ఆడమనిషి ఇదే. చేరిన కొత్తలో ఆడవాళ్ళకి బల్ల ఇవ్వం అని, మెట్ల కింద చీపుళ్ళు పెట్టే గది చూపించారు. అక్కడే సీసాలు సర్దుకుని పనిచేసింది. ఇప్పుడు ఒక అంతస్తంతా దానిదే. అయినా డైరెక్టరు ఇప్పటికీ అమ్మాయ్ అనే పిలుస్తాడట. జుట్టంతా నెరిసిన మనిషిని. వాడి మొహం.

జూన్ 9

చిన్నది రేకు డబ్బా ఒకటి తెచ్చి వంటింట్లో పెట్టింది. రోజూ పొద్దున ఈ పిండితో నాకు రొట్టె చేసి పెట్టక్కా అంది. మూత తీసి వాసన చూశాను. కేసరి పప్పు పిండి.

ఆ పప్పు వాసన నేను చచ్చినా మర్చిపోను. మా చిన్నప్పుడు వానలు లేని ఏడాది, పండింది అదొక్కటే. ఇంట్లో ఉన్న కాసిని మంచి గింజలు మా ఇద్దరికీ వండి, అమ్మ మాత్రం ఆ పప్పే తినేది. మళ్ళీ వానలు పడేసరికి అమ్మ కాళ్ళు కొయ్యబారాయి. ముందు మునివేళ్ళ మీద నడిచింది. తర్వాత కర్ర పట్టుకుంది. ఆ తర్వాత పోయేదాకా నేల మీద దేకడమే.

చిన్నది చదివిందంతా ఆ కాళ్ళ కోసమే. పప్పులో విషం ఏమిటో పట్టుకుంది. దాన్ని విరిచే ఎంజైము చేసి ఈ పిండిలో కలిపింది. కత్తెరలాంటిదే అక్కా, విషాన్ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలు ఉచ్చలో పోతాయి అని చెప్పింది. ఎలకలకి పెట్టారట, బాగానే ఉన్నాయట. ఇక మనుషులు తినాలి. ఎవరికి పెడతావమ్మాయ్ అని డైరెక్టరు అడిగితే, నేనే తింటాను అందట.

నువ్వు ఎలకవటే అన్నాను. నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

జూన్ 10, పొద్దున

చేసి పెట్టాను. కాగితాలు చదువుకుంటూ తినేసింది. పళ్ళెంలో గడ్డి పెట్టినా తింటుంది, రుచీ పచీ తెలియని మనిషి. బస్సుకి వెళ్తుంటే మడమలు నేలకి ఆనుతున్నాయో లేదో అని మలుపు దాకా కిటికీలోంచి చూశాను.

జూన్ 14

మడమ ఎత్తి నడిచింది. నేను చూశాను. అడిగితే, కొత్త చెప్పు కరిచిందే బాబూ, నన్ను వదిలెయ్ అంది.

అమ్మ కూడా ముందు నెపం చెప్పుల మీదే పెట్టింది.

జూన్ 15

మార్చేశాను. ఆ పిండి బదులు మామూలు గోధుమ పిండి కలిపి, రంగు కోసం కాస్త పసుపు వేశాను. చిన్నది తినేసి వెళ్ళిపోయింది. కనిపెట్టలేదు.

జూన్ 16

మరి డబ్బాలో పిండి? ఆదివారం ఆదివారం దాన్ని తూకం వేస్తుంది. తగ్గకపోతే దొరికిపోతాను. దోసిట్లో పట్టుకుని సింకు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నీళ్ళు వదిలాను. పిండి వదల్లేకపోయాను. ఆ ఏడాది గుప్పెడు పిండి కోసం అమ్మ ఎన్ని గుమ్మాలు ఎక్కిందో నాకు తెలుసు.

రొట్టె చేసుకుని తిన్నాను.

జూన్ 17

తిన్నాను. నాకు కాళ్ళతో పనేముంది. మార్కెట్టుకీ వంటింటికీ తప్ప.

జూన్ 30

పొద్దున లేవగానే పిక్కలు నొక్కి చూసుకుంటున్నాను. ఎడమకాలు తిమ్మిరి. ఇదివరకూ ఉండేదే. అవునో కాదో గుర్తు లేదు.

చిన్నది పరీక్షకని తన ఉచ్చ సీసా అన్నం క్యారేజీ పక్కనే పెట్టుకుని ల్యాబుకి పట్టుకెళ్తుంది. ఛీ, విడిగా పెట్టుకోవే అంటే, మూత బిగించానులే, నీది నువ్వు చూసుకో అంది. తెలిసిపోయిందేమో అనుకున్నాను. ఊరికే అంది.

జూలై 18

చిన్నది మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. ఎప్పుడూ రాదు. చెప్పులు విప్పకుండా కుర్చీలో కూలబడింది.

విషం ముక్కలు ఉచ్చలో కనబడాలట. ఒక్కటీ లేదట. ఎన్నిసార్లు చూసినా లేదట. కత్తెర కడుపులో పనిచెయ్యలేదేమో అక్కా, విషం విషంలాగే ఒంట్లో ఉండిపోతోందేమో అంది. అంటూనే వంగి తన పిక్కలు నొక్కుకుంది. జీవితంలో మొదటిసారి దాని మొహంలో భయం చూశాను. సోమవారం డైరెక్టరు దగ్గరికి వెళ్ళి, నా పని తప్పు, ఆపేస్తున్నాను అని చెప్పేస్తుందట.

వంటింట్లోకి వచ్చేశాను. ఉండిపోతే దాని ఒంట్లో కాదు. నా ఒంట్లో.

జూలై 19

రాయడానికి చెయ్యి రావడం లేదు.

జూలై 20

చెప్పేశాను. టీ గ్లాసు పెడుతూ, నువ్వు తింటున్నది ఆ పిండి కాదే అన్నాను. అర్థం కాక చూసింది. అర్థమయ్యాక అరిచింది. ఇల్లెగిరిపోయేలా అరిచింది. నన్ను చీపుళ్ళ గదిలో కూర్చోబెట్టినవాళ్ళు కూడా ఇంత పని చెయ్యలేదే అంది. ఆ మాట గుచ్చుకుంది. గుచ్చుకోవాల్సిందే.

తర్వాత ఉన్నట్టుండి ఆగిపోయింది. మరి డబ్బా ఖాళీ అవుతోంది కదా, ఆ పిండంతా ఏం చేశావు, పారబోశావా అని అడిగింది.

పిండి ఎవరైనా పారబోస్తారా అన్నాను.

నన్ను కిందనుంచి పైదాకా చూసింది. నా ముందు నేల మీద కూర్చుని, నా మడమలు రెండూ చేతుల్లోకి తీసుకుని వంచి చూసింది. పిచ్చి మొహమా, పిచ్చి మొహమా అంటూనే ఉంది. అమ్మ బుద్ధే నీదీనూ అంది. దాని చేతులు మంచులా ఉన్నాయి.

లేచి సీసా తెచ్చి చేతికిచ్చింది. ఈ వయసులో నాకిదేం ఖర్మే అన్నాను. నవ్వలేదు.

జూలై 23

ఫోను మోగితే ఉలిక్కిపడుతున్నాను. లేచేటప్పుడు మంచం కోడు పట్టుకోవలసి వస్తోంది. భయానికా, కాళ్ళకా?

జూలై 24, సాయంత్రం

గుమ్మంలోంచే అరుచుకుంటూ వచ్చింది. ఉన్నాయట. ముక్కలు బోలెడున్నాయట. విరగని విషం చుక్క కూడా లేదట. కత్తెర పనిచేసిందే అక్కా, నీ కడుపులో పనిచేసింది అని నా రెండు భుజాలూ పట్టుకుని ఊపేసింది. కళ్ళజోడు కింద పడిపోయింది.

డైరెక్టరు ఒప్పుకోలేదట. ఒక్క ముసలామె సరిపోదమ్మాయ్ అన్నాడట. సరే, ఇద్దరు ముసలాళ్ళు అయితే సరిపోతారా అని అడిగి వచ్చేసిందట.

రేపు కొత్త డబ్బా తెస్తుంది.

జూలై 26

రెండు పళ్ళేలు. రెండింట్లోనూ అదే రొట్టె. ఈసారి నేనే చేశాను, అది పక్కనే నిలబడి చూసింది.

ఈవేళ చిన్నది కాగితాలు చదవలేదు. తిన్నాం. అది నా కాళ్ళు చూస్తోంది, నేను దాని కాళ్ళు చూస్తున్నాను. మలుపులో దాని బస్సు హారన్ కొట్టింది.

ఇద్దరిలో ఎవరమూ ముందు లేవలేదు.