మేనత్త మోకాలు

మిత్యానా, ఏప్రిల్

ప్రియమైన పెర్పెటువా వదినకి,

ఫోన్లో చెబితే మా అన్న స్పీకరు పెట్టి వీధంతా వినిపిస్తాడు. అందుకే ఈ ఉత్తరం.

నా కుడి మోకాలి సంగతి తేలింది. లోపలివైపు గుజ్జంతా అరిగి ఎముకా ఎముకా రాసుకుంటున్నాయట. బయటివైపు బాగానే ఉందట. అందుకని కంపాలా డాక్టరు నీకు చేసినట్టే సగం మోకాలు మారుస్తానంటున్నాడు. నలభై మూడేళ్ళకే ఈ ఇనప మోకాలేంటి వదినా? పైగా చిన్న వయసులో పెట్టించుకుంటే మళ్ళీ కోయించుకోవాల్సి రావచ్చని ఆయనే అన్నాడు.

అసలు భయం వేరే. డిసెంబరులో మన రెజీనాని చేసుకోబోయేవాళ్ళు పెళ్ళికి ముందు జరిగే పరిచయ వేడుకకి వస్తారు. దాని సెంగని నేను, ఒక్కగానొక్క సొంత మేనత్తని. వాళ్ళ పెద్దల ముందు మోకరిల్లి పలకరించాల్సింది నేనే, వాళ్ళ గుంపులో దాక్కున్న అబ్బాయిని పట్టుకొచ్చి చూపించాల్సిందీ నేనే. ఇప్పుడు వంగితే లేవలేను. కోయించుకుంటే అసలు వంగగలనో లేదో. సెంగ కుర్చీలో కూర్చుని పలకరిస్తే ఆ పిల్లని జన్మంతా ఎత్తిపొడుస్తారు. నీది పద్నాలుగేళ్ళ మోకాలు కదా, నిజం చెప్పు.

నీ ఆడపడుచు,
లియొకాడియా

కలుంగు, మే

నా బంగారు లియొకాడియాకి,

చేయించుకో. నలభై ఒకటో ఏట నేను అరటితోటలోకి కర్ర పట్టుకుని పోయేదాన్ని. ఆపరేషన్ తర్వాత గెలలు మోశాను, రెజీనాని బడికి దింపడానికి రోజూ గుట్ట ఎక్కాను, మీ అన్న తాగొచ్చిన రోజున వీధి చివరిదాకా తరిమాను. పది పదిహేనేళ్ళు వస్తుందని డాక్టరు అప్పుడే అన్నాడు. అయితే ఏంటి? అరిగిపోతాయని చెప్పులు కొనడం మానేస్తామా?

మోకరిల్లడమంటావా, మొదట్లో గులకరాళ్ళ మీద కూర్చున్నట్టుంటుంది. గాయం మానాక భయమే తప్ప ప్రమాదం లేదు. చాప కింద మెత్త వేసుకుని కాస్తకాస్త అలవాటు చేసుకో.

నేను తోడు రాలేను, తోటలో పని. రెజీనాని పంపుతున్నాను. ఏమీ అనుకోకు.

నీ మంచి కోరే
వదిన

మిత్యానా, సెప్టెంబరు

ప్రియమైన వదినకి,

నడుస్తున్నాను. కాలు చాపుకుని హాయిగా నిద్రపోతున్నాను. ఆసుపత్రిలో పరువు మాత్రం పోయింది. ఆపరేషన్ మర్నాడు తెల్లగడ్డం పెద్ద డాక్టరు వచ్చాడు. అలవాటు కొద్దీ మంచం దిగి మోకరిల్లబోయాను. నర్సులిద్దరూ గాల్లోనే పట్టుకున్నారు. ఆయన నవ్వి, "ఈ మర్యాద డిసెంబరుకి దాచుకో తల్లీ" అన్నాడు. మన రెజీనా అంతా వాగేసినట్టుంది.

కానీ వదినా, ఇంట్లో ప్రయత్నిస్తే చాప దాకా వెళ్ళి ఆగిపోతున్నాను. లోపల ఏదో విరుగుతుందని భయం. మా పెదనాన్న కూతురు అగాథాని సెంగగా పెట్టుకోండి. ఆవిడ మోకాళ్ళు రెండూ దేవుడిచ్చినవే. ఈ మాట రెజీనాకి చెప్పలేక నీకు రాస్తున్నాను. రాస్తుంటే ఏడుపొస్తోంది.

ఇట్లు,
లియొకాడియా

కంపాలా, డిసెంబరు

నా లియొకాడియాకి,

అగాథాకి నేను కబురే పంపలేదు. వేరే దారి లేకపోతే నువ్వే దిగుతావని నాకు తెలుసు.

మొన్న అందరూ అబ్బాయి ఎక్కడ దాక్కున్నాడా అని చూస్తున్నారు. నేను అత్తగారిని కదా, అల్లుడి కంట పడకూడదు. వంటింటి తలుపు చాటునుంచి నీ మోకాలే చూశాను. చాప మీదికి దిగావు. పెదవి కొరుక్కున్నావు. పెద్దలందరినీ తీరిగ్గా పలకరించావు. ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచావు. నేను బావురుమంటే మీ అన్న చూశాడు, ఉల్లిపాయలు ఘాటుగా ఉన్నాయని చెప్పాను.

ఇప్పుడు అసలు మాట. ఇది ఆసుపత్రిలోంచి రాసి రెజీనా చేతికిస్తున్నాను. నా మోకాలు బయటివైపు కూడా అరిగిపోయింది. ఎల్లుండి పాత సగం తీసేసి పూర్తి మోకాలు పెడతారు. ఈ సంగతి నీ మొదటి ఉత్తరానికి ముందే తెలుసు. తోటలో పనీ లేదు, పాడూ లేదు. కుంటుకుంటూ వస్తే నువ్వు పట్టేస్తావని రాలేదు. రెజీనా చేత ఒట్టు వేయించుకున్నాను, మొన్న కూడా వంటింట్లోంచి కదల్లేదు. తెలిస్తే నువ్వు ఆపరేషన్ బల్ల ఎక్కేదానివా? తిట్టు, పడతాను. కానీ మోకాలి గురించి రాసినదంతా నిజమే. ఆ పద్నాలుగేళ్ళూ నేను కర్ర లేకుండా బతికాను. నాకు మళ్ళీ నలభై ఒకటి వస్తే మళ్ళీ అదే చేయించుకుంటాను. నీదీ ఒకనాటికి అరుగుతుంది. అప్పటికి రెజీనా పిల్లలు నీ వెంట పరిగెత్తలేక రొప్పుతుంటారు.

నాకు మెలకువ వచ్చేసరికి పక్కన ఒకరుండాలి. మీ అన్న వద్దు, ఆయన డాక్టరు కన్నా ఎక్కువ మాట్లాడతాడు. నువ్వు రా. ఇక్కడ లిఫ్టు చెడింది, నా వార్డు మూడో అంతస్తులో ఉంది. నువ్వు ఎక్కగలవు.

నీ కోసం చూస్తూ,
పెర్పెటువా