అమ్మ పాలు పిండే చీర

ఆదివారం రాత్రి

నిన్న మిత్రులు వచ్చినప్పుడు అమ్మ పాలు పిండే చిరుగుల చీరలోనే కాఫీ తెచ్చింది. వాళ్లు వెళ్లగానే అరిచాను. "ఆడవాళ్ల ఆత్మగౌరవమని కరపత్రాలు పంచేవాడి ఇంట్లో ఈ గుడ్డపీలిక ఏందమ్మా?"

"ఈ వాసన లేకుంటే మన ఆవు గౌరి పాలు చేపదప్పా, పొదుగులోనే బిగబట్టుకుంటాది" అంది. వినకుండా, అమ్మ విప్పి పెట్టిన ఆ చీర చింపి పెట్రోలుతో బైకు తుడిచాను.

ఈ పొద్దున కొత్త చీరలో పాలు పిండబోతే గౌరి తన్నింది. అమ్మ మోకాలు వాచింది. నాన్నతో మాత్రం "జారి పడితిని" అని చెప్పింది.

సాయంత్రం ఆ పీలికలనే ఉతికి నడుముకు చుట్టుకుని, కుంటుతూ కొట్టంలోకి వెళ్లింది. పెట్రోలు వాసన పోలేదేమో, ఆవు బెదిరింది. దాని మెడ నిమురుతూ అమ్మ అంటోంది: "వాడు తెలీక చేసినాడు. కోపం పెట్టుకోవద్దమ్మా."

నా బదులు ఆవుకు అమ్మే క్షమాపణ చెప్పుకుంది. అమ్మకు నేనింకా ఏమీ చెప్పలేదు.