అన్నయ్య తిరిగిచ్చిన నలభై వేలు

ఫిబ్రవరి 18, ఉదయం

ఆరు కాకముందే అన్నయ్య ఫోన్. ఆ వేళకి నా పుట్టినరోజున తప్ప చేయడు. ఎవరికేమైందో అనుకున్నాను. ఎవరికీ ఏమీ కాలేదు. నలభై వేలు కావాలట. మార్కెట్ వాళ్ళ తూకం మిషన్లు పన్నెండు రిపేరుకి వచ్చాయి, పార్టులు అమ్మేవాడు క్యాష్ అయితేనే ఇస్తానంటున్నాడు. మార్కెట్ డబ్బు పదో తారీఖున వస్తుంది, ఆ రోజే నీ చేతిలో పెడతానన్నాడు. చెల్లెలు ఉండగా వడ్డీవాడి గడప తొక్కనన్నాడు. నాన్న షాపు వడ్డీలకే పోయింది. ఆ మాటంటేనే అన్నయ్యకి ఒళ్ళు మంట.

నా దగ్గర నలభై వేలు ఎక్కడివి? క్రెడిట్ కార్డు ఉంది.

ఫిబ్రవరి 18, సాయంత్రం

లంచ్ టైములో డెంటల్ ల్యాబ్ నుంచి అలాగే వెళ్ళాను. పొద్దుటి నుంచి పళ్ళ సెట్లకి అచ్చులు పోస్తున్నాను, వేళ్ళ సందుల్లో ప్లాస్టర్ ఆరిపోయి ఉంది. ఏటీఎం బటన్ల మీద తెల్లటి మరకలు పడ్డాయి. కార్డుతో క్యాష్ తీయడం ఇదే మొదటిసారి. ఫ్రిజ్ కొన్నప్పుడు యాభై రోజుల దాకా వడ్డీ లేదు కదా, ఇదీ అంతే.

అన్నయ్య వచ్చి తీసుకెళ్ళాడు. నా డిప్లొమా ఫీజు కట్టిన మనిషి, ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ఇన్నేళ్ళకి నన్ను అడిగాడు. నిజం చెప్పాలంటే గర్వంగా ఉంది.

మార్చి 10

చెప్పిన రోజుకే వచ్చాడు. కవర్లో నలభై వేలు. నా ముందే రెండుసార్లు లెక్కపెట్టాడు. త్రాసులు బాగుచేసేవాడు కదా, గ్రాము తేడా రానివ్వడు. ఇప్పుడు ఎవరికీ పైసా బాకీ లేనంటూ రెండో కప్పు కాఫీ అడిగి మరీ తాగాడు. డబ్బు వెంటనే కార్డుకి కట్టేశాను.

మార్చి 24

స్టేట్‌మెంట్ వచ్చింది. ఇంకా రెండు వేల రెండు వందల అరవై ఆరు కట్టాలట. పొరపాటనుకుని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. పొరపాటు కాదని ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. క్యాష్ తీసినందుకే వెయ్యి. వడ్డీ తీసిన రోజు నుంచే మొదలు, ఆ యాభై రోజులు వస్తువులు కొంటేనే. రెండింటి మీదా పన్ను. ఇంకేమైనా సహాయం కావాలా అని కూడా అడిగింది.

అన్నయ్యకి ఏ మొహంతో చెప్పను? వడ్డీ అంటేనే పడని మనిషి చేతిలో వడ్డీ డబ్బే పెట్టాను. నా పంటి క్యాప్ కోసం దాచుకున్న దాంట్లోంచి తీసి కట్టాను.

ఏప్రిల్ 20

మళ్ళీ అడిగాడు. ఈసారి తెలిసీ తీశాను.

మే 10

కవరు. నలభై వేలు. రెండుసార్లు లెక్క. మా చెల్లెలి బ్యాంకులో వడ్డీ లేదని ఎవరికో ఫోన్లో చెప్పి నవ్వాడు. నేనూ నవ్వాను.

జూన్ 20

మూడోసారి. పన్ను సలుపుతోంది.

జులై 26

మావారు కరెంటు బిల్లు కట్టడానికి నా ఫోన్ తీసుకుని స్టేట్‌మెంట్లు చూశారు. అరవలేదు. అరిస్తే బాగుండేది. ఇన్ని నెలలుగా ఒక పక్కనే ఎందుకు నములుతున్నానో ఇప్పుడర్థమైందన్నారు. మీ అన్నయ్యకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా అని అడిగారు. నేనే చెబుతానన్నాను.

జులై 27

చెప్పాల్సిన తీరులో చెప్పలేదు.

నేను చేసేలోగా అన్నయ్యే ఫోన్ చేశాడు, ఇంకో నలభై కావాలని. ల్యాబ్‌లో ఉన్నాను, చేతిలో మైనం చల్లారిపోతోంది, నొప్పికి తల పగిలిపోతోంది. నీ నలభై వేలు నాకెంత పడుతోందో ఎప్పుడైనా అడిగావా అనేశాను. అక్కడితో ఆగానా? నీ చెల్లెలి బ్యాంకులోనూ వడ్డీ ఉంది, అది కార్డు వాళ్ళకి నేను కడుతున్నాను, ఇప్పటికి ఆరు వేలు దాటింది అన్నాను.

అన్నయ్య మూడు స్టేట్‌మెంట్లూ పంపమన్నాడు. గొంతులో కోపం లేదు. అందుకే భయమేసింది. వద్దన్నయ్యా అన్నాను. పంపమన్నాడు. పంపాను.

మార్చిలోనే నవ్వుతూ చెప్పి ఉంటే సరిపోయేది. అప్పుడేమో మంచిదాన్ననిపించుకోవాలనుకున్నాను.

జులై 29

ఆరు వేల ఏడు వందల తొంభై ఎనిమిది. చిల్లరతో సహా తెచ్చాడు. లెక్క తనే వేసుకున్నాడు. రెండుసార్లు లెక్కపెట్టి నా వైపు జరిపాడు.

తర్వాత సంచిలోంచి షాపు బిల్లు బుక్కు తీశాడు. త్రాసు బాగుచేయించుకున్న వాళ్ళకి ఇచ్చేదే. వడ్డీ ముట్టినట్టు రాసి, కింద నన్ను సంతకం పెట్టమన్నాడు. మన మధ్య ఇదేంటన్నయ్యా అన్నాను. వడ్డీ ఉన్నచోట రసీదు ఉండాలన్నాడు. నాన్న అడిగి తీసుకోలేదు కాబట్టే షాపు పోయిందన్నాడు. ఆ వడ్డీవాడి కుర్చీలో నేను కూర్చున్నట్టనిపించింది. ఏడుపొచ్చింది. సంతకం పెట్టాను.

కాఫీ కలిపేలోగా చెప్పులేసుకున్నాడు.

ఆగస్టు 14

క్యాప్ వేయించుకున్నాను. ల్యాబ్‌లో నేనే చేసుకున్నాను. చక్కగా అతికింది.

సెప్టెంబర్ 9

ఐదున్నర నుంచీ ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎనిమిదింటికి మోగింది. కార్డు వాళ్ళ మెసేజ్. పేరు పెట్టి మరీ పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పారు. క్యాష్ లిమిట్ పెంచారట.