స్టాన్లీ మాస్టారి మూడో చరణం

మార్చి 11, 2025

టెక్కలి కంప్యూటర్ షాపు వాడితో గొడవ. స్టాన్లీ మాస్టారి ఫ్లాపీ చూసి, ఫైల్ కరప్ట్ అయిపోనాది, పారీయ్ అన్నాడు. అరనిమిషం కూడా చూడలేదు! నీకు చేతకాకపోతే తప్పు ఫైల్‌దా అని అరిచాను. కుర్చీ తన్నాను. కాలు వాచింది.

మాస్టారు పోయి ఏడాది కావస్తోంది. ఇరవై మూడున చర్చిలో జ్ఞాపకార్థ కూటం. ఉప్పు మళ్లవాళ్ల కోసం ఆయన కట్టిన పాట ఆ రోజు మొత్తం వినాలని ఆయన కూతురు శాంతి కోరిక. అచ్చు కాగితాలు చెదలకి పోయాయి. ఆయన స్వయంగా డీటీపీ చేసుకున్న ఈ ఫ్లాపీ ఒక్కటే మిగిలింది.

మార్చి 13

ఫైల్ తెరిచాను! అన్నీ డాలర్లు, ప్రశ్నార్థకాలు, టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు. శాంతి చూసి, మా నాన్న అన్యభాషల్లో రాసీసినాడేటి అంది. మా చినబాబు బావ, ఒరియా ఏమో సూడరా అన్నాడు. ఇద్దరి మీదా కోపం వచ్చింది.

మార్చి 14

కరప్ట్ కాదు. తెలుగే!

ఆ రోజుల్లో ఫాంట్ కంపెనీలు ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు ముక్కలు సర్దాయి. ఒక గదిలో తలకట్టు, ఒక గదిలో కొమ్ము, ఇంకోదాంట్లో వత్తు. ఎవరి వరస వారిది. మాస్టారు వాడిన ఫాంట్ కంపెనీ ఎప్పుడో మూతపడింది, ఫాంట్ పోయింది, ఏ గదిలో ఏముందో చెప్పేవాడు లేడు. జనం భాషకి ప్రైవేటు తాళం! దీని మీద కరపత్రం వెయ్యాలి. ముందు తాళం తియ్యాలి.

పాటలో రెండు లైన్లు కచ్చితంగా తెలిస్తే చాలు. పక్కన పెట్టి పోల్చుకుంటాను.

మార్చి 16

కూర్మమ్మ పెద్దమ్మ నలభై ఏళ్లుగా నౌపడ మళ్లలో ఉప్పు లాగుతోంది. పాట అడిగితే గుర్తు లేదంది. ఎంతో బతిమాలాను. చివరికి అరిచాను. ఒరే యుగంధర్, కూకుంటే పాట ఎలగొస్తాదిరా, లాగితే వస్తాది గానీ అంది.

మార్చి 17, ఉదయం

మడిలో దిగాం. ఉప్పు లాగే చెక్క పట్టుకుని పెద్దమ్మ నాలుగడుగులు వెనక్కి వేసిందో లేదో, పాట వచ్చేసింది.

ఎండ మాది, ఉప్పు మాది
ఎత్తుకెళ్లే బండెవలిది?

పల్లవి, ఒక చరణం. మిగతాయి పోనాయిరా అంది. ఊరికే సూస్తావేటి అని నాకూ ఒక చెక్క ఇచ్చింది. అరచేతుల నిండా బొబ్బలు.

మార్చి 17, సాయంత్రం

"మాది" ఒకే లైనులో రెండుసార్లు వస్తుంది. ఫైల్లో అలా రెండుసార్లు వచ్చే గుర్తుల గుంపు కోసం వెతికాను. ఉంది! మ దొరికింది, దీర్ఘం దొరికింది. ఒక్కో ముక్క ఇంకోదాన్ని పట్టిస్తోంది. బొబ్బలతో టైపింగ్ నరకం. అయినా ఆపను.

మార్చి 20

మూడు చరణాలూ వచ్చేశాయి. మూడోది ఇలా మొదలవుతుంది.

కాళ్లు పగిలిన సోట కూడా
తెల్లగానే పండినాది

మాస్టారు పోయాక ఈ లైను చదివిన మొదటి మనిషిని నేను. నేను! ఏ డిగ్రీ లేకుండా. ఏ గదిలో ఏ ముక్కో మొత్తం వరస నెట్‌లో పెట్టేశాను, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. టెక్కలి వాడికి ప్రింట్ తీసి ఇచ్చాను. కుర్చీ దూరంగా జరుపుకుని చదివాడు.

శాంతికి ఫోన్‌లో చదివి వినిపించాను.

మార్చి 21

మిగతా చరణాలు మడిలోనే నేర్పుతున్నాను. నేను చదువుతాను, పెద్దమ్మ వాళ్లు లాగుతారు.

మార్చి 23, ఆదివారం

పెద్దమ్మ చర్చిలోకి చెక్క తెచ్చింది. ఉత్త గచ్చు మీద లాగుతూ పాడింది. మూడు చరణాలూ.

శాంతి, ఇంకోపాలి అంది.