దుర్గ పేరులో వత్తు

బుధవారం

ఇవాళ మా రెండో తరగతి దుర్గ అందరి ముందూ నల్లబల్ల మీద తన పేరు రాసింది. మొన్నటిదాకా వత్తుల్ని అక్షరం పక్కనే రాసేసేది. తోటి పిల్లలు నవ్వుతారని పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అందుకే గోడకి మూడంతస్తుల ఇంటి బొమ్మ అతికించాను. పై అంతస్తు తలకట్టుకీ గుడికీ, మధ్యది అక్షరానికి, కిందది వత్తుకి.

'ర' రాసి ఆగింది. బొమ్మ వైపు చూసి, గ వత్తు కింద పెట్టింది.

"సూడండి మేడమ్, కిందింట్లోకి దిగిపోనాది!"

పిల్లలు చప్పట్లు కొట్టారు. నాకు ఎంత తృప్తిగా ఉందో!

సాయంత్రం జూట్ మిల్లు పని నుంచి వాళ్లమ్మ అప్పలనర్సమ్మ వస్తే, నల్లబల్లా, గోడమీది బొమ్మా చూపించాను. మురిసిపోయింది. అంతలోనే అడిగింది, "మూడో క్లాసు గదిలో ఈ బొమ్మ ఉంటాదా మేడమ్?"

నేనిది ఆలోచించనే లేదు. రేపు కాసేపు బొమ్మని మూసి రాయించి చూడాలా? మళ్లీ బెదిరిపోతుందేమో...

ఈలోగా దుర్గ సుద్దముక్క అందుకుంది. "ఉండవే అమ్మా, నీ పేరు రాస్తాను. అందులో మూడొత్తులున్నాయి."

గోడ వైపు ఒక్కసారీ చూడలేదు. 'ర్స' దగ్గర మాత్రం తడబడి, తనే చెరిపి, మళ్లీ రాసింది.

చదువు రాని ఆ తల్లి, బల్ల ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూసింది.

"ఓలమ్మా, నా పేరు ఇంత పెద్దదేటే!"