ఒళ్ళు చేసిన తమ్ముడు

అక్కకు,
నీ తమ్ముడు బతికి రాస్తున్న ఉత్తరం. గుండె ఆపరేషన్ అయ్యాక నన్ను చూసి ఏడ్చుకుంటూ వెళ్ళావు గదా, ఇక ఏడవకు. ఇంటికొచ్చిన వారానికే ఒళ్ళు చేశాను. ప్యాంట్లు పట్టక కుట్లు విప్పి వదులు చేసుకుంటున్నాను.
నీ తమ్ముడు
తా.క.: నా దర్జీ షాపులో ఇప్పుడు నా బట్టలే ఎక్కువ. కుట్టమని తొందరపెట్టేదీ నేనే, రేపు రమ్మని తిప్పేదీ నేనే.

చిరంజీవి తమ్ముడికి,
అక్క దీవెనలు. నీ ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. అమ్మ పోయాక నిన్ను పెంచింది నేనే. ఎంత పెట్టినా ఏనాడూ కండ పట్టలేదు. మొహమాటపడకుండా మళ్ళీ వడ్డించుకో.
అక్క
తా.క.: మీ బావ కూడా ఆపరేషన్ చేయించుకుంటారట. ఆయనకు కావలసింది ఒళ్ళు కాదు, మంచం దగ్గరికి కాఫీ.

అక్కకు,
చెప్పినట్టే తింటున్నాను. పాదాలు కూడా నిండి చెప్పులు పట్టడం లేదు. వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటోంది. పడుకుంటే ఆయాసం, అందుకే మిషను ముందు కుర్చీలోనే కునుకు తీస్తున్నాను.
తమ్ముడు
తా.క.: రోజూ బరువు చూసుకుని, పెరిగితే చెప్పమన్నారు ఆస్పత్రివాళ్ళు. పెరిగింది. వాళ్ళకెందుకులే అని నీకు చెబుతున్నాను.

తమ్ముడికి,
సుఖపడ్డ ఒళ్ళు కుర్చీలోనైనా నిద్రపోతుంది. నీకో చొక్కా కుడతాను, కొలతలు రాయి.
అక్క
తా.క.: దర్జీకి చొక్కా కుట్టే ధైర్యం నాకే ఉంది. నీకు కత్తెర పట్టడం నేర్పింది నేనే గదా.

అక్కకు,
పొట్ట నాలుగు వేళ్ళు పెరిగింది. మెడ, జబ్బలు మాత్రం తగ్గాయి. టేపులో తప్పేమీ లేదు, రెండుసార్లు చూశాను.
తమ్ముడు

ఒరేయ్,
ఈ ఉత్తరం బావ చేతికిచ్చి బస్సెక్కించాను. తిండితో వచ్చిన ఒళ్ళయితే మెడకూ రావాలి. అది కండ కాదురా, నీరు. ఆయన వెంట ఆస్పత్రికి బయల్దేరు.
అక్క
తా.క.: తా.క. చదువుతూ కూర్చోకు.

అక్కకు,
ఆస్పత్రి మంచం మీంచి రాస్తున్నాను. గుండె రక్తాన్ని సరిగా తోడలేక ఒంట్లో నీరు నిలిచిందట. మందులతో తీస్తున్నారు. బావ నా పక్కనే నీరసంగా కూర్చుంటే, చూడవచ్చినవాళ్ళు ఆయన్నే పలకరించి పళ్ళు ఇచ్చి వెళ్తున్నారు.
ఆయాసమని ముందే ఎందుకు చెప్పలేదని డాక్టరు కోప్పడ్డాడు. నాకు అనుమానం రాకపోలేదక్కా. నువ్వు చాలా కాలానికి సంతోషంగా ఉన్నావు. ఇంకో వారం ఉండనీ అనుకున్నాను.
నీ తమ్ముడు
తా.క.: భయంగా ఉందక్కా. వచ్చెయ్యి.